సీఐ ఆఫీసుకు వచ్చి మాట్లాడుకోమంటున్నారు, వెళ్లాలా వద్దా?

మీరు రాసిందాంట్లో ముఖ్యమైనవి ఇవీ. నల్లగొండ జిల్లాలో ఒక ఊరు. పక్క చేను ఆయనతో గెట్టు తగాదా. ఆయన స్టేషన్లో పిటిషన్ ఇచ్చాడు. 63 ఏళ్ల మీ నాన్నను ఫోన్ చేసి పిలిపించి, పొద్దున పది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. చివరికి ఎస్సై వచ్చి, ఊరివాళ్లు చూస్తుండగానే నోటికొచ్చినట్టు తిట్టి పంపాడు. చెయ్యి మాత్రం చేసుకోలేదు. సోమవారం ఎస్పీ ఆఫీసు ప్రజావాణిలో మీరు ఫిర్యాదు ఇచ్చారు. నాలుగు రోజులకు సీఐ ఆఫీసు నుంచి ఫోన్: "వచ్చి కూర్చోండి, మాట్లాడుకుని అయిపోగొట్టుకుందాం." ఊళ్లో పెద్దమనుషులదీ అదే మాట. వెళ్లాలా వద్దా, పోలీసుల మీద ఫిర్యాదును మధ్యవర్తిత్వంతో తేల్చుకునే దారి చట్టంలో ఉందా అన్నది మీ ప్రశ్న.

నేను నల్లగొండ కోర్టులో 26 ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. 40 గంటల మీడియేషన్ ట్రైనింగ్ అయ్యాక కొన్నేళ్లుగా మధ్యవర్తిగా కూడా కూర్చుంటున్నాను. జవాబు ముందే చెప్పేస్తాను. రాజీ మాటల కోసం సీఐ ఆఫీసుకు వెళ్లకండి. మీ ఫిర్యాదు మీద ఎంక్వైరీ, వచ్చి స్టేట్‌మెంట్ ఇవ్వండి అని కాగితం మీద పిలిస్తే అది వేరు. దానికి సహకరించండి, వయసు చెప్పి స్టేట్‌మెంట్ ఇంటి దగ్గరే తీసుకోమని అడగండి. ఇక కూర్చుని మాట్లాడుకోవడమంటారా, మీలాంటి కేసులో అది మంచి దారే. కాకపోతే అది వేరే గదిలో, ఆ శాఖకు సంబంధం లేని మనిషి ముందు జరగాలి.

దానికంటే ముందు ఈ రెండు రోజుల్లోనే చేయాల్సిన పని ఒకటుంది. స్టేషన్ సీసీ కెమెరాల రికార్డింగ్‌ను భద్రపరచమని ఎస్పీకి ఒక లెటర్ పెట్టండి. 2020 డిసెంబర్‌లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లో గేటు, లాకప్, వరండా, రిసెప్షన్ అన్నీ కనపడేలా, మాట కూడా వినపడేలా కెమెరాలు ఉండాలంది. రికార్డింగ్ 18 నెలలు ఉంచాలి, అది కుదరకపోతే కనీసం ఏడాది. కాగితం మీద అంతే. రేపు ఆ రోజు హార్డ్ డిస్కు పాడైందనో కరెంటు లేదనో చెప్పకుండా ఉండాలంటే మీరు ముందే తేదీ, టైము వేసి అడిగి ఉండాలి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. సమాచార హక్కు చట్టం కింద అదే ఫుటేజీ కాపీకి ఇంకో దరఖాస్తు పెట్టండి. ఇస్తారా లేదా తర్వాత సంగతి, మీరు అడిగినట్టు రికార్డు ఉంటుంది. రేపు ఎవరి ముందు కూర్చున్నా, ఏడున్నర గంటలు బల్ల మీద కూర్చోబెట్టారన్న మాటకు ఆ ఫుటేజీయే బలం. అది లేకపోతే "పది నిమిషాలు మాట్లాడి పంపించాం" అంటారు, మీ నాన్న మాట ఒక్కటే మిగులుతుంది.

ఇప్పుడు సీఐ ఆఫీసు ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. ప్రజావాణిలో మీరిచ్చిన కాగితం ఎస్పీ దగ్గర ఆగదు. ఎండార్స్‌మెంట్ వేసి డీఎస్పీకి, అక్కడి నుంచి సీఐకి దిగుతుంది. ఆ సీఐ మీరు ఫిర్యాదు చేసిన ఎస్సైకి పైఅధికారి. ఎస్సై తప్పు తేలితే అజమాయిషీ సరిగా చేయలేదన్న మాట కొంత ఆయనకూ తగులుతుంది. ఆయన మంచివాడే కావచ్చు, నేను చూసినవాళ్లలో ఎంతో మంది మంచివాళ్లు. కానీ ఆ ఫైలు క్లోజ్ చేసి పైకి పంపాల్సిన టెన్షన్ ఉన్న మనిషి మధ్యవర్తి కాలేడు. పెద్దమనుషుల సంగతీ అంతే. రేపు వాళ్ల పిల్లగాడి బండి పట్టుబడితే ఫోన్ చేయాల్సింది ఆ ఎస్సైకే.

వకాలత్ మొదలుపెట్టిన కొత్తలో నేనే ఈ తప్పు చేశాను. ఒక స్టేషన్లో దెబ్బలు తిన్న కుర్రాడి తరఫున వెళ్లి, చాయ్ తాగి, రాజీ చేసి వచ్చాను. స్టేషన్ రైటర్ తెల్ల కాగితానికి ఎడమ పక్క మార్జిన్ మడిచి చకచకా రాశాడు. "నాకు ఎవరి మీదా ఎలాంటి ఫిర్యాదు లేదు, పెద్దల సమక్షంలో నా ఇష్టపూర్వకంగా వాపసు తీసుకుంటున్నాను, చదివి వినిపించగా విని ఒప్పుకుని సంతకం చేసితిని." కుర్రాడికి ఎవరూ చదివి వినిపించలేదు. వైద్యానికి ఖర్చు ఇస్తామన్నది, ఇకమీదట ఆ ఇంటి వైపు రామన్నది నోటి మాటలు, కాగితంలో ఎక్కడా లేవు. మూడు నెలల తర్వాత వేరే తగాదాలో ఆ కుర్రాడిని మళ్లీ పట్టుకొచ్చారు. అప్పుడు అదే కాగితం చూపించి "వీడు ఇంతకు ముందూ ఉత్త కంప్లైంట్ ఇచ్చి వాపసు తీసుకున్నాడు" అన్నారు. మార్జిన్ మడిచిన తెల్ల కాగితం చూస్తే నాకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది. అసలు అది రాజీ చేయాల్సిన కేసు కానే కాదని కూడా నాకప్పుడు తట్టలేదు.

ఏది కూర్చుని మాట్లాడుకోవచ్చు, ఏది కూడదు అన్నది మొదట తేల్చుకోవాలి. స్టేషన్లో కొట్టడం, నేరం ఒప్పుకోమని హింసించడం, ఆడవాళ్లతో అసభ్యంగా ప్రవర్తించడం, కులం పేరుతో తిట్టడం, లంచం, అక్రమంగా లాకప్‌లో పెట్టడం, వీటి దగ్గర మధ్యవర్తిత్వం మాటే ఎత్తకూడదు. లంచమైతే ఏసీబీ 1064కు ఫోన్ చేయాలి. కులం మాట వస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. ఈ రెండు నేరాలూ రాజీకి వీలున్నవి కావు, లోక్ అదాలత్‌కు కూడా వాటి మీద అధికారం లేదు. ఎఫ్ఐఆర్ కట్టనన్న చోటా రాజీ అక్కర్లేదు. వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగలిగే (కాగ్నిజబుల్) నేరం జరిగిందని చెబితే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలని 2013లో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషన్లో కట్టకపోతే ఎస్పీకి పోస్టులో పంపడం, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లడం, ఈ దారిని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్లోనే రాసిపెట్టారు.

మీ నాన్నకు జరిగింది ఈ కోవలోది కాదు. పిలిచిన తీరు తప్పు, కూర్చోబెట్టడం తప్పు, మాట్లాడింది తప్పు. గెట్టు తగాదా సివిల్ వ్యవహారం, దాని మీద ఎఫ్ఐఆరే లేదు. కేసు దర్యాప్తులో సాక్షిగా పిలిచినా రాతపూర్వకంగా పిలవాలి. ఆడవాళ్లనైతే ఏ వయసువారినైనా, మగవాళ్లలో 60 దాటినవారిని, వాళ్లుండే చోటికి వెళ్లి అడగాలే తప్ప స్టేషన్‌కు రప్పించకూడదు. పాత చట్టంలో ఈ వయసు 65. 2024 జూలై 1న కొత్త చట్టం వచ్చాక 60 అయింది. ఈ మార్పు చాలా స్టేషన్లలో ఇంకా తలకెక్కలేదు. రేపు మాట్లాడే గదిలో ఈ ఒక్క విషయం చెప్పి చూడండి, అవతలి మనిషి గొంతు కొంచెం తగ్గుతుంది.

చట్టంలో ఉందా అంటే, పోలీసుల మీద ఫిర్యాదుల కోసమే రాసిన మధ్యవర్తిత్వ చట్టం మన దగ్గర లేదు. 2023లో వచ్చిన మధ్యవర్తిత్వ చట్టం, నేరాల ప్రాసిక్యూషన్‌తో ముడిపడినవాటిని పనికిరాని తగాదాల జాబితాలో పెట్టింది. రాజీకి వీలున్న నేరాలను మాత్రం కోర్టు తనకు సబబనిపిస్తే పంపొచ్చు. కాబట్టి మీకున్న దారి జిల్లా న్యాయసేవాధికార సంస్థ. కోర్టు ఆవరణలోనే ఉంటుంది. కేసు వేయకముందే తగాదాను చర్చకు పిలవమని దరఖాస్తు పెట్టొచ్చు, దాన్నే మేం ప్రీ లిటిగేషన్ అంటాం. అక్కడ సెక్రటరీగా ఉండేది జడ్జి. జడ్జి సంతకంతో నోటీసు వెళ్తే, పెద్దమనుషులు ఫోన్ చేస్తే వచ్చే జవాబు రాదు. ఫీజు ఏమీ ఉండదు. 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు.

ఆ ఎస్సై రానంటే బలవంతంగా కూర్చోబెట్టలేరు. ఇంకోటి, ఆయన వచ్చి మీతో మాట్లాడుకున్నంత మాత్రాన శాఖాపరమైన చర్య ఆగాలని లేదు. అది ఎస్పీ చేతిలో ఉంటుంది. మీరు రాసివ్వగలిగింది "నా వరకు నాకు తృప్తిగా ఉంది" అని మాత్రమే. "అలాంటిదేమీ జరగలేదు" అని ఎప్పుడూ రాయకండి. రెండు వాక్యాలూ ఒకటే అన్నట్టు మాట్లాడి సంతకం పెట్టిస్తారు, జాగ్రత్త.

అమెరికాలో కొన్ని నగరాల్లో ఈ పని పద్ధతిగా జరుగుతోంది. న్యూయార్క్‌లో పోలీసుల మీద ఫిర్యాదులు తీసుకోవడానికి పౌరుల బోర్డు ఒకటి ఉంది, వాషింగ్టన్‌లో, డెన్వర్‌లో కూడా పోలీసు శాఖకు బయట అలాంటి ఆఫీసులున్నాయి. ఫిర్యాదు ముందు అక్కడ నమోదవుతుంది. దురుసుతనం, అవమానం, కారణం చెప్పకుండా ఆపడం లాంటివైతే మధ్యవర్తి ముందు కూర్చుంటారా అని అడుగుతారు. అరెస్టు, పెద్ద గాయాలు ఉన్నవాటిని న్యూయార్క్ బోర్డు అటు పంపదు. బయటి మధ్యవర్తి, ఒక బల్ల, ఆ ఫిర్యాదీ, ఆ ఆఫీసర్. డెన్వర్‌లో ఆఫీసర్ మనస్ఫూర్తిగా కూర్చుంటే ఆ ఫిర్యాదు మీద ఇక క్రమశిక్షణ విచారణ నడవదు. వాళ్లు రావడానికి అసలు కారణం అదే. మన ఎస్సైకి అలాంటి లాభం ఏదీ చూపించలేం. ఇక్కడ ఎవరైనా వస్తే జడ్జి నోటీసుకు భయపడి వస్తారు, లేదా మనసులో ఎక్కడో గుచ్చుకుని వస్తారు. రెండోరకం వాళ్లు మీరనుకున్నంత తక్కువేం కాదు.

మన దగ్గర కూడా 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రంలో, ప్రతి జిల్లాలో పోలీసు ఫిర్యాదుల అథారిటీ పెట్టమంది. జిల్లా అథారిటీ డీఎస్పీ దాకా, రాష్ట్ర అథారిటీ ఆపై హోదా వాళ్ల మీద ఫిర్యాదులు చూడాలన్నారు. ఆ ఆలోచనను జిల్లా స్థాయిలో గట్టిగా నిలబెట్టి ఉంటే, మధ్యవర్తిత్వానికి అంతకంటే తగిన చోటు ఇంకోటి ఉండేది కాదు. సరే, ఆ సంగతి అలా ఉంచండి. ఉన్నదాంట్లో మానవ హక్కుల కమిషన్ ఒకటి గుర్తు పెట్టుకోండి. జరిగిన రోజు నుంచి ఏడాది దాటితే కమిషన్ విచారణ చేయలేదు. మాటలతో నెలలు గడిపితే ఆ తలుపు మూసుకుపోతుంది.

నేను మధ్యవర్తిగా కూర్చున్న ఒక సంగతి చెప్తాను. ఆ గదిలో మాటలు బయట చెప్పకూడదు, ఇద్దరూ సరేనన్నాకే, ఊరు, వివరాలు మార్చి రాస్తున్నాను. ఒక టౌన్లో బస్టాండ్ పక్కన మిర్చి బజ్జీల బండి పెట్టుకునే ఆమె. పెద్ద ఆఫీసర్ కాన్వాయ్ వస్తోందని కానిస్టేబుల్ బండిని పక్కకు తోశాడు. కాగే నూనె మూకుడు కిందపడింది. దేవుడి దయ, ఎవరి మీదా పడలేదు. పైగా ఆమెనే తిట్టాడు. ఆమె మూకుడు, నూనె, ఆ రోజు గిరాకీ నష్టం కావాలని దరఖాస్తు పెట్టింది. మొదటి అరగంట కానిస్టేబుల్ తల ఎత్తలేదు, డ్యూటీ అన్న ఒక్క మాట తప్ప ఏమీ అనలేదు. ఆమె అన్నది: "నాకేమెరుక సారూ పెద్ద సారు వస్తుండని? ఓ మాట చెప్తే నేనే బండి ఎనకకు జరుపుకుంటుంటి." అప్పుడు అతను నోరు విప్పాడు. తెల్లవారుజామున నాలుగింటికి బందోబస్తుకు దిగాడు, వైర్‌లెస్ సెట్లో ఎవరో అరుస్తున్నారు, రెండు నిమిషాల్లో రోడ్డు ఖాళీ కావాలి, చెప్పాలన్న సంగతే తోచలేదు. ఆమె విన్నది. విని, "అయితే నన్నెందుకు తిట్టినవ్?" అంది. దానికి అతని దగ్గర జవాబు లేదు. సారీ అన్నాడు.

నేను ఇక అయిపోయిందనుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు. "తిట్టింది నలుగుట్ల. నాలుగు గోడల నడుమ సారీ అంటే నా ఇజ్జత్ తిరిగొస్తదా?" బండి దగ్గరికి వచ్చి చెప్పాలంది. గంట సేపు దీని మీదే నడిచింది. చివరికి అతను సరేనన్నాడు. నష్టానికి 1,800 రూపాయలు, ఇకమీదట ముందు చెప్పి జరిపించడం, బండి దగ్గర నలుగురి ముందు సారీ, ఇవి రాసుకున్నాం. నెల తర్వాత ఆమె కోర్టు గేటు దగ్గర కనిపించింది. వచ్చాడా అని అడిగితే మొహం అదోలా పెట్టింది. "వచ్చిండు సారూ. కానీ షర్టు, ప్యాంటు మీద వచ్చిండు. తిట్టినప్పుడున్న డ్రెస్సేది? చూసినోళ్లకు ఆయనెవరో ఎరుకే కాలే." యూనిఫాం అన్న ముక్క రాయించడం నాకు తట్టలేదు. ఇప్పుడు రాయిస్తున్నాను.

ఆ గదిలో సారీ చెప్పడానికి పోలీసులు జంకేది, రేపు అది తప్పు ఒప్పుకున్నట్టు సాక్ష్యం అవుతుందని. 2023 చట్టం అక్కడ చెప్పిన క్షమాపణలను కూడా గోప్యం కిందే పెట్టింది. ఆడియో, వీడియో రికార్డింగ్ కూడదు. మీరు జేబులో ఫోన్ ఆన్ చేసి కూర్చునే ఆలోచనలో ఉంటే మానుకోండి. ఫోన్ ఉందని తెలిస్తే ఎవరూ నిజం మాట్లాడరు.

మీ పెద్దమనుషులు తప్పకుండా చేసే ఒక పని గురించి చెప్పాలి. గెట్టు తగాదాను, ఎస్సై మీద ఫిర్యాదును ఒకే మూటలో కడతారు. "నువ్వు కంప్లైంట్ వాపసు తీసుకో, గెట్టు సంగతి మేం చూస్తాం." ఇది ఆశ పెట్టడం. లేదంటే "నువ్వు గట్టిగా పోతే డ్యూటీకి అడ్డం వచ్చాడని కేసు పెడతారు." ఇది భయపెట్టడం. రెండింటికీ ఒకటే జవాబు: అది వేరు, ఇది వేరు. స్టేషన్లో కూర్చుని గీసిన గెట్టుకు విలువ లేదు. హద్దుల కోసం ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టి సర్వే చేయించుకోండి, పక్క చేను ఆయనకూ నోటీసు వెళ్తుంది, కడీలు ఎక్కడ పడాలో కొలతలు చెప్తాయి. ఆ పని నడుస్తుంటే ఊళ్లో సగం వేడి తగ్గుతుంది.

చివరగా ఒకటి. మీరు రాసిందంతా రెండుసార్లు చదివాను. ఎస్సైని సస్పెండ్ చేయించాలని మీరు మూడు చోట్ల రాశారు. మీ నాన్న ఏం కోరుకుంటున్నారో ఒక్క చోటా లేదు. ఆయన్ను అడిగారా? నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొడుకులది కోపం, తండ్రులది వేరే లెక్క. ఆ ఊళ్లో, ఆ స్టేషన్ కింద రోజూ బతకాల్సింది ఆయన. కొందరు ఒక్కసారి ఎదురుగా కూర్చుని "నా వయసేంది, నీ మాటేంది" అని అడగాలంటారు. కొందరు మొహం కూడా చూడనంటారు, కాగితం మీదే తేలాలంటారు. మొదటిదైతే న్యాయసేవా సంస్థలో దరఖాస్తు పెడదాం. రెండోదైతే ప్రజావాణి రసీదు నంబరు పట్టుకుని వచ్చే సోమవారం మళ్లీ ఎస్పీ దగ్గరికే వెళ్లి, ఎంక్వైరీని వేరే సబ్ డివిజన్ ఆఫీసర్‌కు ఇవ్వమని రాసివ్వండి. ఈ రాత్రి అన్నం తిన్నాక, ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు అడగండి. ఆయన ఏమన్నారో ఇక్కడే రాయండి, దరఖాస్తులో ఏం రాయాలో అప్పుడు చెప్తాను.